తొలి గడ్డపార

నిరోష నల్గొండలో హనుమంతు ఇంటి గడప దాటేసరికి ఆమె బట్టల్లోంచి కాలిన వాసన ఇంకా పోలేదు.

ముందు రోజు చిట్యాల దాటాక ఉన్న పని జాగాలో కూలీల గుడారాలకు మేస్త్రీ దివాకర్ మనుషులు నిప్పు పెట్టారు. గులాబ్‌బీ అక్కడ వంట చేస్తుంది. తల్లులు మట్టి పనిలో ఉన్నంతసేపు పిల్లల్ని చూసుకునేది కూడా ఆమే. మంటల్లో ఊయల కనిపించగానే లోపలికి దూకింది. పిల్ల బతికింది. గులాబ్‌బీ చెయ్యి మోచేతి దాకా తోలు ఊడి వచ్చింది. ఆమెను దవాఖానలో పడుకోబెట్టి నిరోష నేరుగా ఇక్కడికే వచ్చింది.

"పెద్దబాపూ, రేపు చౌటుప్పల్ల కంపెనీ గోడకు కందకం పని మొదలు. గడ్డపార నాకియ్యి" అంది, హనుమంతు భార్య సైదమ్మ ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండానే.

హనుమంతు గోడకున్న దేవుని అర వైపు చూశాడు. కురుమూర్తి స్వామి పటం పక్కన, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడ్డపార నిలబడి ఉంది.

ఆ గడ్డపార లేనిదే సంఘం లేదని గుంపులో అందరూ అంటారు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, మేస్త్రీల కింద ఊళ్లు పట్టి తిరిగిన పాలమూరు కూలీలు కొందరు హనుమంతు వెనక నిలబడి మట్టిపని సంఘం పెట్టుకున్నారు. మధ్యలో మేస్త్రీ లేకుండా పని తామే మాట్లాడుకుంటారు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే కూలి. మిగిలిన దాంతో పిల్లలకు బడి, జబ్బు చేస్తే మందు. మొదటి పని ఒక చెరువు పూడిక. ఆ పొద్దు కొబ్బరికాయ కొట్టి, భూదేవికి మొక్కి, హనుమంతు తన గడ్డపారతో తొలి పోటు వేశాడు. అప్పటి నుంచి ఏ జాగాలోనైనా ఆయన చేతి పోటు పడందే ఎవరూ పార ముట్టరు.

నిరుడు నడుము పడిపోయి, సంఘాన్ని నిరోష చేతిలో పెట్టాడు. ఆమె తల్లి కందకం గోడ విరిగిపడి మట్టి కింద చచ్చిపోయిన మనిషి. పిల్లను సంఘమే చదివించింది. సభలో అందరి ముందు దండ వేసి, తాళాలిచ్చి, కండ్లు తుడుచుకున్నాడు. ఇంటికొచ్చాక పొద్దు గడిచేది కాదు. టీవీ పెట్టేవాడు, కట్టేసేవాడు, సైదమ్మ కూర తరుగుతుంటే తప్పులు పట్టేవాడు. కొత్త పని మొదలయ్యే రోజు మాత్రం గడ్డం గీయించుకొని, తెల్ల ధోతి కట్టి, పెండ్లికి పోయేవాడిలా బయలుదేరేవాడు.

"అది దేవుని వస్తువు బిడ్డా. అడిగినోళ్ల చేతుల పెట్టేటిది కాదు" అన్నాడు.

వంటింట్లోంచి సైదమ్మ గొంతు వచ్చింది. "నేను తవ్వుత, నా గడ్డపార నాకు దాచిపెట్టు అని దేవుడు ఎన్నడన్న నీతోని అన్నడా?"

"నువ్వు ఊకోవే."

నిరోషకు నవ్వు రాలేదు. "పెద్దబాపూ, జర ఇను. ఈ గుడారాలు కాలుడుతోని పని ఎనుకవడ్డది. రేపు పొద్దు నెత్తిమీదికి వచ్చేలోపు మట్టి లేవకుంటె, చౌటుప్పల్ పని దివాకర్‌కు ఇస్తమని కంపెనీ ఇంజనీరు మొకం మీదనే చెప్పిండు. గా పని పోతె ఈ ఎండకాలం మనోళ్లు మల్ల ఆని కిందికే పోతరు. నువ్వు రాకుంటె మనోళ్లు లేవరని దివాకర్‌కు ఎర్కనే. నిన్నొక్కన్ని ఆపితె ఆనికి సాలు."

"నన్ను ఆపేటోడు ఇంకా పుట్టలే."

నిరోష లేచి నిలబడింది. "తాళాలు ఇచ్చినవ్, ముద్ర ఇచ్చినవ్. గుంపును మాత్రం నీ కాడనే ఉంచుకున్నవ్ పెద్దబాపూ." గడప దాకా పోయి మళ్లీ తిరిగింది. "పైలం. బస్సు దిగినంక ఎవ్వరి బండీ ఎక్కకు. మన వెంకన్నను పంపుత."

ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. తను పెంచిన పిల్ల, తనకే పైలం చెబుతోంది.

తెల్లారి గడ్డపారను పసుపు గుడ్డలో చుట్టుకొని బస్సెక్కాడు. చౌటుప్పల్‌లో దిగేసరికి ఎదురుగా వెంకన్న లేడు, నల్ల కారు ఉంది. నల్లకళ్లద్దాల పడుచువాడు దిగి, వంగి దండం పెట్టాడు.

"పెద్దయ్యా, నిరోష మేడం పంపింది. మీ అసుంటోళ్లు ఆటోల వస్తె ఏం మంచిగుంటదని."

హనుమంతుకు నిరోష చెప్పిన మాట గుర్తుకు రాకపోలేదు. కానీ ఇన్నాళ్లకు పిల్లకు తన విలువ తెలిసొచ్చిందన్న సంబరం ఆ మాటను పక్కకు తోసేసింది. ధోతి సర్దుకొని వెనక సీట్లో కూర్చున్నాడు.

కారు పని జాగా వైపు మళ్లలేదు. హైవే దిగి, మూతబడిన కంకర మిషను దగ్గర రేకుల షెడ్డులోకి పోయి ఆగింది. తలుపు తెరుచుకోగానే ఒకడు జుట్టు పట్టి ఈడ్చాడు. హనుమంతు మోకాళ్ల మీద కంకరలో పడ్డాడు. తెల్ల ధోతి మీద ఎర్రటి మచ్చలు లేచాయి.

దివాకర్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతున్నాడు.

"లెవ్వు పెద్దమనిషీ. నీతోని నాకు పగ లేదు. పొద్దు నెత్తిమీదికి వచ్చేదాక ఈడ కూసుంటె సాలు. మీ వెంకన్న గూడ బస్టాండు ఎనుక పండుకున్నడు. పండ్లు రాలినయ్ గని పానం మంచిగనే ఉంది."

"నా మనుషులను ముడితె..."

"నీ మనుషులా?" దివాకర్ నవ్వాడు. "గదే కదా నా ముచ్చట గూడ. మా నాయిన కింద నువ్వు ఎన్నేండ్లు చేసినవ్? డ్యాముల కాడ, కాల్వల కాడ? తొలి పోటు ఎవలు వేసేటోళ్లు అప్పుడు?"

హనుమంతు కండ్లు గడ్డపార కోసం వెతికాయి.

"మా నాయిన. ఆయన గడ్డపార దిగనిది ఒక్కడు గూడ పార ముట్టకపోతుండె. ముడితె బెల్టు లేస్తుండె. నువ్వు గా పద్ధతి ఎత్తుకపోయి, పసుపు కుంకాలు పెట్టి దేవున్ని చేసినవ్. మా నాయినకు నేనొక్కన్నే కొడుకు అనుకున్న. నువ్వొకనివి ఉన్నవ్."

షెడ్డులో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. హనుమంతు వీపు మీద పాత బెల్టు చారలు ఒక్కసారిగా మండినట్లయింది. ఆ పొద్దు చెరువులో తొలి పోటు వేసినప్పుడు, మేస్త్రీ చేతిలోంచి లాక్కున్నాననే అనుకున్నాడు. లాక్కున్నది నిజమే. లాక్కొని ఏం చేశాడు?

కారు నడిపినవాడు, విజేందర్ అంటారు వాణ్ని, పసుపు గుడ్డ విప్పి గడ్డపారను చేతుల్లో ఎగరేస్తున్నాడు. "ముసలోడా, తాయత్తు గూడ కట్టరాదు దీనికి?" అంటూ కుంకుమ బొట్టు మీద ఉమ్మాడు.

ఆ ఉమ్ము చూడగానే హనుమంతుకు నడుము నొప్పి తెలియలేదు. లేచిన లేవడం గడ్డపార కొన పట్టి గుంజి, తిప్పి వాడి మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు రేకులకు తగిలి తిరిగొచ్చింది. విజేందర్ కుక్కలా అరుస్తూ పడ్డాడు. హనుమంతు గడ్డపార తల మీదికి ఎత్తాడు. కింద వాడి కళ్లద్దాలు ఊడిపోయి, కండ్లు భయంతో తెల్లగా తిరిగాయి. ఒక్క పోటు. నేల మీద ఎన్ని లక్షల పోట్లు వేశాడో, ఇది అంతకంటే సులువు.

ఆ ఒక్క ఊపిరి ఆగినంతలో వెనక నుంచి రాయి వచ్చి చెవి మీద పడింది. తర్వాత కాళ్లు, కర్రలు. డొక్కలో, మూతి మీద, నిరుడే పడిపోయిన నడుము మీద. నోట్లో రక్తం ఉప్పగా నిండింది. స్వామీ, అన్నాడు మనసులో. నీ అరలో పెట్టుకున్నాను కదా, నీ పేరు చెప్పే దాచాను కదా. జవాబుగా సైదమ్మ గొంతే వినిపించింది, దాచిపెట్టమని దేవుడు ఎన్నడన్న నీతోని అన్నడా అని, కూర తరుగుతూ అడిగినట్లు.

అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది.

దివాకర్ తీసి చూశాడు. "నిరోష. మంచిది. కొట్టుడు ఆపుండ్రి." వంగి హనుమంతు గడ్డం పట్టి తల ఎత్తాడు. "అందరికీ ఇనవడేటట్టు మాట్లాడు. పొద్దు మంచిగ లేదు, పని వద్దు, అందరు ఇండ్లకు పోండ్రి అని చెప్పు. గంతే. చెప్పినంక నేనే దవాఖానల దింపుత. చెప్పకుంటె గా చెయ్యి మల్ల గడ్డపార పట్టది."

హనుమంతు తల ఊపాడు. దివాకర్ ఫోను స్పీకరు మీద పెట్టాడు.

"పెద్దబాపూ! యాడున్నవ్? వెంకన్నను కొట్టిండ్రు, నెత్తురు కార్చుకుంట వచ్చిండు. ఈడ ఎవ్వలు లేస్తలేరు. నేను పోటు వేసిన. ఒక్కలు గూడ కదుల్తలేరు పెద్దబాపూ. నువ్వొస్తవని కూసున్నరు. పొద్దు నెత్తిమీదికొస్తాంది."

ఆమె వెనక గుంపు గోల వినిపిస్తోంది. వాళ్లలో ఎవరో, "హనుమంతన్న వస్తడు, జర ఆగు బిడ్డా" అంటున్నారు. ప్రేమగానే అంటున్నారు. ఆ ప్రేమ కోసమే ఏడాదిగా గడ్డాలు గీయించుకున్నాడు.

"అందరికి ఇనవడ్తాందా బిడ్డా?" అన్నాడు. పెదవి చిట్లి మాట ముద్దగా వచ్చింది.

"స్పీకరు పెట్టిన. చెప్పు."

"నేను వస్తలేను." దివాకర్ కండ్లతోనే కానియ్యమన్నాడు. "ఈ పొద్దే కాదు, ఇగ ఎన్నడు రాను. తొలి పోటు అనేటిది దివాకర్ నాయిన పద్ధతి. నేను ఎత్తుకొచ్చి మీ నెత్తిన పెట్టిన. నిరోష పోటు పడ్డది కదా, లెవ్వుండ్రి! ఎవల కోసం కూసున్నరు? లెవ్వు వెంకన్నా, పార..."

ఫోను షెడ్డు గోడకు తగిలి ముక్కలైంది. అవతల వాళ్లు లేచారో లేదో ఆయనకు వినిపించలేదు.

దివాకర్ చాయ్ గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. హనుమంతు కుడి చేతిని ఇద్దరు లాగి బండ మీద పరిచారు. దివాకర్ తానే గడ్డపార తీసుకున్నాడు. పసుపు ఇంకా అంటుకొని ఉంది దానికి.

"తొలి పోటు" అన్నాడు.

ఆ తర్వాత ఎంతసేపు అరిచాడో హనుమంతుకు గుర్తు లేదు. తెలివి వచ్చేసరికి రోడ్డు పక్క తుమ్మ చెట్ల దగ్గర పడి ఉన్నాడు. చెయ్యి ఉండాల్సిన చోట ఏదో ఉబ్బిన మాంసం ముద్ద వేలాడుతోంది. ఆటో నడుపుకుంటూ పోతున్న డానిష్ అనే పిల్లగాడు చూసి ఆపాడు. రెండు చంకల కింద చేతులేసి ఎక్కించాడు.

"దవాఖానకు పోదాం తాతా."

"వద్దు. ముందుగాల కంపెనీ కొత్త గోడ లేసే జాగా కాడికి నడువు."

"చేతికెల్లి నెత్తురు కారుతాంది తాతా, పాగల్ అయినవా?"

"కారనియ్యి. ఒక్కపారి చూసి వస్త."

దారంతా కండ్లు మూసుకున్నాడు. కొబ్బరికాయల ముందు కూర్చున్న గుంపే కండ్ల ముందు కదిలింది. లేవకపోయి ఉంటే? తను కట్టిందంతా తనతోనే షెడ్డులో పడి విరిగినట్లే. లేచి ఉంటే? దానికి కూడా గుండెలో ఎక్కడో కలుక్కుమంది. అది ఆయనకే సిగ్గనిపించింది.

ఆటో ఆగింది. ముందు కనిపించినవి రాళ్లు. జాగా నిండా విసిరిన రాళ్లు, పగిలిన నీళ్ల డ్రమ్ము, చిరిగిన చెప్పులు. దివాకర్ మనుషులు ఇక్కడికీ వచ్చి పోయారు. రాళ్ల అవతల మట్టి కుప్ప. ఎర్రటి పచ్చి మట్టి, కందకం పొడుగునా. కుప్ప వెనక నుంచి పారలు లేస్తున్నాయి, పడుతున్నాయి.

డానిష్ భుజం పట్టుకొని హనుమంతు కందకం అంచుకు పోయాడు. లోపల నడుము లోతున జనం. ఒకడి తలకు తువ్వాలు కట్టి ఉంది, ఒక ఆడమనిషి ఒంటి కంటితో తట్ట ఎత్తుతోంది. రెండో కన్ను వాచి మూసుకుపోయింది. నిరోష నుదుటి నుంచి రక్తం కారి, ఎండి, మట్టి అంటుకొని ఉంది.

ఆమె తలెత్తి చూసింది. ఆయన చెయ్యి చూసింది. పైకి రావడానికి ఒక అడుగు వేసింది. పక్కన పారలు నెమ్మదించాయి. ఆమె అది గమనించి అక్కడే ఆగిపోయింది.

"పెద్దబాపూ, దవాఖానకు పో. పొద్దు గూకినంక వస్త. ఇప్పుడు రాను."

"రాకు బిడ్డా." కందకంలోకి వంగి అడిగాడు. "ఏ గడ్డపారతోని వేసినవ్?"

"గులాబ్‌బీది. పొయ్యి రాళ్లు లేపేటిది."

హనుమంతు తల ఊపాడు. ఇంకేదో అనాలనుకున్నాడు. కానీ ఆమె అప్పటికే వంగింది. పారలు మళ్లీ ఊపందుకున్నాయి. ఎవరూ చేతులు జోడించలేదు.

ఆయన కాళ్ల కిందే, ఇటు వీపు పెట్టి, పగిలిన మూతికి గుడ్డ కట్టుకొని వెంకన్న తవ్వుతున్నాడు. పైన ఎవరో నిలబడ్డ నీడ మట్టి మీద పడటం ఒక్కటే చూశాడు.

"ఎవలయ్యా అంచు మీద? జర పక్కకు జరుగు, మట్టి వస్తాంది!"

హనుమంతు జరిగాడు. ఆయన నిలబడిన చోట పార నిండా తడి మట్టి వచ్చి పడింది.