సూదుల దిండు

అక్కకు పాత కుట్టుసామాను పిచ్చి. అరిగిన కత్తెరలు, ఇత్తడి వేలితొడుగులు, ఎముక సూదిపెట్టెలు ఎవరింట్లో ఏ మూల పడున్నా ఆవిడ కన్ను పడాల్సిందే. పడిందంటే అది ఆవిడ అద్దాల బీరువాలోకి చేరాల్సిందే. ఎంత అడిగినా తన దగ్గరున్న దిండు ఇవ్వనిది ఒక్క చెల్లెలే. పోయిన అమ్మ సూదులు గుచ్చుకునే దిండు అది, గుప్పెడంత ఎర్ర మఖమల్ దిండు. ప్రదర్శనలో పెట్టుకుంటానని అక్క కాళ్ళావేళ్ళా పడితే నాలుగు రోజులకని ఇచ్చింది.

"పోగు కూడా కదల్చొద్దక్కా. అమ్మది నాకు మిగిలింది ఇదొక్కటే," అని మరీ మరీ చెప్పింది.

చెప్పింది సరే, వినేదెవరు? అక్క దిండును నొక్కి చూసింది. లోపల సూదులు! పాత దిండ్లలో సూదులు లోపలికి జారి ఏళ్ళ తరబడి ఉండిపోతాయని సేకరించేవాళ్ళందరికీ తెలుసు. ఇక చేతులు ఊరుకుంటాయా? అంచు కుట్టు విప్పేసింది. పదకొండు సూదులు, ఒక్కదానికీ తుప్పు లేదు. లోపల కూరింది జుట్టు. వెంట్రుకల్లోని నూనె తుప్పు పట్టనివ్వదు, పాతకాలం వాళ్ళ తెలివే తెలివి అని మురిసిపోయింది కూడాను. అందులో పురుగుంటే బీరువా అంతా పాకుతుందని పెరట్లో చెత్తతోపాటు తగలబెట్టింది. వాసనకు ముక్కు మూసుకుంది. కొత్త దూది కూరి, పాత రంధ్రాల్లోంచే కుట్టేసి, తన పనితనానికి తనే ముచ్చటపడింది మహాతల్లి.

ఐదోరోజు చెల్లెలు వచ్చింది. దిండును ముక్కు దగ్గర పెట్టుకుంది. పాత నూనె వాసన లేదు.

"దీన్ని విప్పావా అక్కా?"

"నేనా? నేనెందుకు విప్పుతానే!"

"లోపల ఉన్నదేదీ?"

"ఏముంటుంది, పాత జుట్టు..." అక్క నాలుక కరుచుకుంది.

"మందులకి అమ్మ జుట్టు రాలిపోతుంటే రోజూ పొద్దున్నే తలగడ మీంచి ఏరేదాన్ని. పారేస్తావెందుకే, సూదులకి మంచిది, దిండులో కూరమంది. ఆ మంచం మీదే కుట్టుకునేది. చేతులు వణికి సూదులన్నీ లోపలికి పోయేవి."

"మరి నాకో మాట చెప్పొద్దుటే?"

"చెబుదామంటే నువ్వెప్పుడొచ్చావు?"

అక్కకు ఇంకో అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది.

"కాల్చేశానే," అంది.

చెల్లెలు అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండునని ఏడుపు కూడా వచ్చింది. చెల్లెలు దిండును బల్ల మీద పెట్టేసి, వెళ్ళి చెప్పులు వేసుకుంది.

"అమ్మని కాల్చిన రోజు ఎక్కడో వేలంపాట ఉందని రాలేదుగా," అంది గుమ్మంలో నిలబడి. "పోన్లే. ఆ పని ఇప్పుడు నీ చేత్తో చేశావు."