తడి ఇసుక సీసా

ఇంకొక్క పాయింటు వస్తే మండలం వాలీబాల్ కప్పు పాళెం బడిదే. బంతి అబిగయీలు చేతిలో ఉంది. ఇందుకూరుపేట మైదానమంతా ఊపిరి బిగబట్టింది. క్యాథరిన్ టీచరు మాత్రం బంతిని చూడడం లేదు, ఆ పిల్ల కుడి భుజాన్నే చూస్తోంది. కిందటి సర్వీసు కొట్టాక ఆ చెయ్యి సరిగ్గా లేవడం లేదు.

“దానికేమైంది మే?” అంది, పక్కన అదనపు ఆటగత్తెగా కూర్చున్న వినీలతో.

వినీల నసిగింది. “చెప్పొద్దని ఒట్టేయించుకుంది టీచర్. ఇంటికాడ రెండు లీటర్ల సీసాలో తడి ఇసక కూరి ఎత్తతా ఉంది. పొద్దన నూరు సార్లు, మాపున నూరు సార్లు.”

చేతుల బలానికని బళ్లో క్యాథరిన్ ఇచ్చింది అర లీటరు సీసా, సగానికి పొడి ఇసుక, పదంటే పదిసార్లు. కానీ నోరు ఊరుకుంటేనా! రెండు నెలల కిందట ఈ పిల్ల బంతి వల దాటకపోతే, “ఆ పుల్లచేతులతో నువ్వేం ఆడతావులే, పోయి కూర్చో” అనేసింది, అందరి ముందూ. పదేళ్ల పిల్ల ఆ మాటను మనసులో పెట్టేసుకుంది.

టీచరు లేచి ఆట ఆపించింది. “అబిగయీలూ, బయటికి రా.”

“నొప్పేం లేదు టీచర్! ఒక్కటే, ఒక్కటి కొడతా!”

“చెయ్యెత్తు, చూద్దాం.”

చెవిదాకా కూడా రాలేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. అవతల బల్లమీద కప్పు తళతళలాడుతోంది. ఒక్క సర్వీసే కదా, కొట్టనిస్తే ఏం పోతుంది అని టీచరు మనసు లాగింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకుని వినీలను లోపలికి పంపింది.

వినీల బంతి వలకు కొట్టుకుంది, స్కోరు సమమైంది. ఆపైన వరసగా రెండు పాయింట్లూ అటువాళ్లవే. కప్పు పోయింది.

భోజనాల దగ్గర అబిగయీలు గోడవైపు తిరిగి కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్లో పడేసుకుంది, పళ్లెం ముట్టలేదు. క్యాథరిన్ పక్కనే చతికిలబడి అన్నం కలిపింది.

“తప్పు నాది తల్లీ. నేనట్టా అనుండకూడదు. ఆస్పత్రికి పోదాం. తగ్గినాక, వచ్చే ఏడు...”

“వచ్చే ఏడు ఆరో తరగతి టీచర్. హైస్కూలుకి పోతా. మీకాడ ఉండను గదా.”

టీచరు చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది.

“కొట్టనిచ్చుంటే దాటించేదాన్ని,” అంది పిల్ల, గోడతోనే.

“దాటించేదానివేనమ్మా.”

రెండు నెలల కిందట అనాల్సిన మాట అది. అబిగయీలు ఇటు తిరిగి, ముద్ద కోసం నోరు తెరిచింది.