బుధవారం రెండున్నర గంటలు

వారానికి నూట అరవై ఎనిమిది గంటలు. ఫుకువోకాలో చదువుకున్న రోజుల్లో జూనీకి తన పుట్టినరోజు కంటే ఈ అంకె బాగా గుర్తుండేది. అందులోంచి నిద్ర తీసెయ్యాలి. జపనీస్ నేర్పే బడి, ఇంటి దగ్గర రాసుకోవాల్సిన అక్షరాలు తీసెయ్యాలి. భోజనం పెట్టెలు సర్దే ఫ్యాక్టరీకి ఇరవై ఎనిమిది. చదువు పేరుతో వచ్చినవాళ్ళు ఏ ఏడు రోజులు లెక్కేసినా అంతకు మించి పనిచేయకూడదు. ఒక్క గంట ఎక్కువైనా వీసాకే ముప్పు. వంట, బట్టలు, సైకిలు తొక్కడం, చెత్తను రకరకాలుగా విడదీసి ఏ రోజుది ఆ రోజు బయట పెట్టడం, ఇవన్నీ పోను మిగిలేవి చిల్లర ముక్కలు. ఇక్కడ పది నిమిషాలు, అక్కడ పావుగంట. దేనికీ అక్కరకు రావు.

ముక్కలు కాని సమయం ఒక్కటే ఉండేది. బుధవారం బడి వదిలాక, ఫ్యాక్టరీ బస్సు వచ్చేలోపు రెండున్నర గంటలు.

జూనీ నాన్నకు సొంత ఊరు తుకుచేలో సత్రం ఉండేది. మంచు కొండల మధ్య, కంచర గాడిదల బాట పక్కన. రాత్రి ఖాళీగా పోయిన మంచాన్ని తెల్లారాక ఎవరికీ అమ్మలేమని ఆయన రోజూ అనేవాడు. వ్యాపారమే బతుకైన తఖాలీల ఇళ్ళలో పిల్లలకు పాలతోపాటు పట్టే మాటలివి. కాబట్టి ఆ రెండున్నర గంటలు వట్టిగా పోతే జూనీకి ప్రాణం ఉసూరుమనేది. మొదట్లో పెద్ద దుకాణాల నేలమాళిగలో తిరిగి, రుచి చూడమని పెట్టే ఊరగాయ ముక్కలు, తీపి గింజల ముద్దలు నోట్లో వేసుకునేది. అన్నీ ఒకే ధరకు అమ్మే కొట్లో అరలన్నీ చూసి ఏమీ కొనకుండా బయటపడేది. మొమోచి సముద్రపొడ్డున చెప్పులు విడిచి కూర్చునేది. అన్నీ బాగానే ఉండేవి గానీ, ఇంటికొచ్చి చూసుకుంటే చేతిలో ఏమీ మిగిలినట్టు ఉండేది కాదు.

ఒక బుధవారం, పార్కు పక్కగా సైకిలు తోసుకుంటూ పోతుంటే ఎవరో కేక పెట్టారు.

"ఏయ్, నీలం టోపీ! కాసేపు నిలబడగలవా?"

జూనీ చుట్టూ చూసింది. నీలం టోపీ తన నెత్తి మీదే ఉంది, ఫ్యాక్టరీది.

"నిలబడడమా అండీ?"

"ఆఁ. రెండు కాళ్ళ మీద. మాలో ఒకావిడకి మోకాలు కోశారు. ఐదో మనిషి లేదు. ఆట తర్వాత నేర్పిస్తాలే, ముందొచ్చి నిలబడు."

అలా పిలిచింది హత్సుయే. డెబ్భై తొమ్మిదేళ్ళావిడ. నలభై ఏళ్ళు బజారులో చేపలమ్మిన గొంతు అది, పార్కు ఆ చివర పావురాలు లేచిపోయేవి. వాళ్ళు ఆడేది గేట్‌బాల్. కొయ్య సుత్తితో బంతిని కొట్టి మూడు చిన్న గేట్ల గుండా పోనిచ్చి, చివర మధ్యలో పాతిన కర్రకు తగిలించాలి. జట్టుకు ఐదుగురు, మనిషికో బంతి. నీ బంతి ఇంకోదానికి తగిలితే, నీదాన్ని కాలి కింద పట్టి, రెండోదాన్ని పక్కన ఆనించి, నీదాని మీద సుత్తితో కొడితే రెండోది ఎటు కావాలంటే అటు పోతుంది. మనవాళ్ళదైతే గేటు దగ్గరికి, అవతలివాళ్ళదైతే గీత బయటికి.

జూనీకి రెండు వారాల్లో తెలిసింది, ఇది ముసలివాళ్ళ కాలక్షేపం కాదు, అచ్చమైన బేరం. ఇప్పుడు కొట్టాలా, ఆగాలా? నా బంతి ముందుకు పోవడం లాభమా, పక్కవాడిది పంపడం లాభమా? హత్సుయే ఆ లెక్కలన్నీ ఊపిరి తీసినంత తేలిగ్గా కట్టేది. జూనీ తప్పు చేస్తే వదిలేది కాదు.

"చూడు, చూడు! ఇచ్చేసింది వాళ్ళకి దారి! మీ దేశంలో వచ్చినవాడికల్లా తలుపు తీస్తారా?"

"మాది సత్రం అండీ. తీయకపోతే గడవదు."

అందరూ విరగబడి నవ్వేవారు. కుసాబాసాన్ మాత్రం పెదవి చివర నవ్వేవాడు. ఆయనకి ఎనభై ఆరు. ఊళ్ళో ట్రాములున్న కాలంలో ట్రాము నడిపినవాడు. జట్టులో ఒకప్పుడు ఆయనంత గురి ఎవరికీ లేదట. ఇప్పుడు చేతులు వణికేవి. ఎక్కువ మాట్లాడడు. జూనీని పిలిచి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, నేల ఎటు వాలిందో కన్ను ఆనించి చూడమని నేర్పింది ఆయనే. "నేల ముందే చెప్పేస్తుంది. మనమే వినం" అనేవాడు.

ఇప్పుడు జూనీకి పోఖరాలో ఉన్ని దుప్పట్ల కొట్టుంది. జపాన్‌లో మూడేళ్ళుండి ఏం వెనకేశావని అడిగేవాళ్ళకు ఆమె ఫ్యాక్టరీ గురించి చెబుతుంది, ఎందుకంటే వాళ్ళు అడిగేది దాని గురించే. కానీ కొట్లో గిరాకీ లేని మధ్యాహ్నాల్లో మనసు పోయేది అక్కడికి కాదు. బార్లీ నీళ్ళ ఫ్లాస్కు మూత తీసిన చప్పుడు, బెంచీ మీద ఒలిచిన నారింజ తొక్కల వాసన, నడుము నొప్పుల గురించి ఒకరిని మించి ఒకరు చెప్పుకునే ఆ ముసలివాళ్ళు, ఎండకు వెలిసిన ఎర్ర బంతి మీద తెల్లటి ఏడు అంకె. అది ఆమెది. తొమ్మిది కుసాబాసాన్‌ది.

ఫుకువోకాలో ఉండగా ఒక అక్టోబరు మొదట్లో, బుధవారం ఆట అయ్యాక హత్సుయే ఆమెను పక్కకు లాగింది.

"కుసాబాసాన్ వెళ్ళిపోతున్నాడు. సప్పోరోలో కొడుకు దగ్గరికి. ఇక రాడు."

"ఎప్పుడండీ?"

"మూడో వారం, గురువారం విమానం. దానికి ముందు ఆదివారం పేటల మధ్య పోటీ ఉంది. ఐదుగురు లేకపోతే జట్టు పేరు తీసుకోరు. మోకాలావిడ ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. నువ్వొస్తే ఆయన ఆడి వెళ్తాడు. రాకపోతే బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టి వెళ్తాడు. పదమూడేళ్ళు ఆడిన మనిషి."

"ఆదివారం పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా నాకు ఫ్యాక్టరీ..."

"నాకు తెలుసు. అందుకే ఆడతామని ఆయనకింకా మాటివ్వలేదు. శనివారం లోపు చెప్పు."

ఫ్యాక్టరీ పెద్దాయన మంచివాడే. సెలవన్నది మాత్రం ఉండదు. "నీ బదులు ఎవరొస్తారో పేరు చెప్పు. మనిషి ఎవరైనా సరే, పెట్టెలు కదిలే బెల్టు ఆగకూడదు" అన్నాడు.

జూనీ ఆ సాయంత్రం గదిలో యమ్‌కుమారి ముందు కూర్చుంది. యమ్‌కుమారి తమ దేశపు బాగ్లుంగ్ పిల్ల, ఆమె కంటే రెండేళ్ళు పెద్ద కాబట్టి దిదీ, అంటే అక్క. అదే గది, అదే ఫ్యాక్టరీ.

"దిదీ, ఒక్క ఆదివారం."

"బహినీ, ప్రాణం అడుగు ఇస్తా. గంట అడక్కు. నాకు ఇటు లెక్కేసినా అటు లెక్కేసినా ఇరవై ఎనిమిది నిండిపోయాయి. నీ ఆరు ఎక్కించుకుంటే నన్ను విమానం ఎక్కిస్తారు."

"మరి ఎవరున్నారు?"

"డియెప్. అది భయానికి వారానికి ఇరవై దాటదు. కానీ ఆదివారం పొద్దున చర్చిలో పాటలు పాడుతుంది. దేవుణ్ణి వదిలి నీ ముసలాళ్ళ కోసం వస్తుందా?" యమ్‌కుమారి బియ్యం కడుగుతూ వెనక్కి తిరిగింది. "అయినా నీకేం పిచ్చే? ఆరు గంటల కూలి పోగొట్టుకుని, అరగంట కర్రాట ఆడతావా? మీ నాన్నకి తెలిస్తే ఏమంటాడు?"

"తిడతాడు."

"తిట్టాలి మరి."

డియెప్ వియత్నాం అమ్మాయి, కింది అంతస్తు. జూనీ అడిగిందంతా తలుపు పట్టుకుని నిలబడి వింది.

"ఆ రోజు పాటలో నాకు ఒంటరిగా పాడే చరణం ఉంది," అంది.

"తెలీదు డియెప్. తెలిస్తే అడిగేదాన్ని కాదు. పోనీలే."

జూనీ మెట్లు ఎక్కబోతుంటే వెనక నుంచి డియెప్ అంది, "నీ సైకిలు బ్రేకులు బాగుంటాయి కదూ?"

బేరమంటే ఏమిటో తనకొక్కదానికే తెలుసనుకున్న జూనీ ఆగిపోయింది.

"ఎన్నాళ్ళు?"

"నెల."

"రెండు వారాలు."

"ఒంటరి చరణం, జూనీ!"

నెలకే తెగింది. నెలపాటు బడికి రోజూ నలభై నిమిషాలు నడక, రావడానికి మళ్ళీ నలభై. పైగా ఆరు గంటల కూలి నష్టం. జూనీ తండ్రి కళ్ళతో చూస్తే ఇంత తెలివితక్కువ బేరం వాళ్ళ వంశంలో ఎవరూ చేసి ఉండరు. శనివారం పొద్దున హత్సుయేకి ఫోను చేసి వస్తున్నానని చెప్పింది.

పోటీ ఉన్న ఆదివారం ఎండ బాగా కాసింది. కుసాబాసాన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అవతలి జట్టు కిందటేడు గెలిచినవాళ్ళు. ఇరవై ఐదు నిమిషాలు గడిచేసరికి వాళ్ళకి పదమూడు, వీళ్ళకి పన్నెండు. కుసాబాసాన్ బంతి మూడు గేట్లూ దాటేసింది. ఇక కర్రకు తగిలితే రెండు పాయింట్లు, గెలుపు. కానీ అది గీత పక్కన, కర్రకు ఏడు మీటర్ల దూరంలో ఆగి ఉంది. ఆ వణికే చేతులకు ఏడు మీటర్లంటే ఏడు ఊళ్ళు.

జూనీ వంతు వచ్చింది. అంకెల వరసలో ఆమె తర్వాత అవతలి జట్టు ఎనిమిదో బంతి, ఆ తర్వాత కుసాబాసాన్. లెక్క తేలిక. తన బంతితో ఆయన బంతిని తాకాలి, కాలి కింద పట్టి కొట్టి దాన్ని కర్ర దగ్గరికి పంపాలి. అడుగు దూరంలో ఉంటే ఆయన కళ్ళు మూసుకుని కొట్టగలడు.

"తొందర పడకు! నేల చూడు!" గీత బయటి నుంచి హత్సుయే అరిచింది.

కొట్టింది. తాకింది. జట్టంతా గోల. ఇక పది సెకన్ల లోపు మిగతాది చేయాలి. జూనీ పరుగెత్తుకెళ్ళి రెండు బంతులూ తీసుకుని గీత దగ్గర సర్దబోతూ ఒక అడుగు వెనక్కి వేసింది. మడమ కింద మెత్తగా ఏదో తగిలింది. గీతకు ఆనుకుని నిలబడి చూస్తున్న కుసాబాసాన్ పాదం.

ఏం చేస్తున్నదో ఆమెకు తెలియలేదు. సుత్తి వదిలేసింది. వంగి ఆయన బూటును తాకి, ఆ చేతిని నుదుటికి ఆనించుకుంది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ పెద్దవాళ్ళకు కాలు తగిలితే చేసే పని. లేచేసరికి అంపైరు చెయ్యి పైకి లేచి ఉంది.

"పది!"

ఆమె వంతు పోయింది. ఆయన బంతిని మళ్ళీ ఉన్నచోటే పెట్టారు.

అవతలి ఎనిమిది ఎవరి జోలికీ పోకుండా తన బంతిని మూలకు కొట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. తొమ్మిది అని పిలిచారు. కుసాబాసాన్ నెమ్మదిగా లోపలికొచ్చి, ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి నేలను చూశాడు. లేవడానికి సుత్తి ఊతం చేసుకున్నాడు. ఆయన కొట్టాడు. బంతి సూటిగా పోయింది. నిజంగా సూటిగానే పోయింది. కర్ర దగ్గరపడుతున్న కొద్దీ నెమ్మదించి, నెమ్మదించి, అరచేయి వెడల్పు దూరంలో ఆగింది. అరగంట ఆట అయిపోయిందని ఈల మోగింది.

జూనీ ఆయన ముందు నిలబడి తల ఎత్తలేకపోయింది. "క్షమించండి. నా వల్లే..."

"నీ వల్లే. మరి ఎవరివల్ల?" హత్సుయే వచ్చేసింది. "బంతి వదిలేసి ఈయన కాళ్ళు పట్టుకున్నావేమిటే? ఈయనేమన్నా దేవుడా?"

"పెద్దవాళ్ళకి కాలు తగిలితే మా దగ్గర అలాగే చేస్తామండీ. చెయ్యి దానంతటదే పోయింది."

కుసాబాసాన్ మోకాళ్ళ మట్టి దులుపుకోవడం ఆపాడు. "నువ్వు పంపి ఉంటే బంతి ఎంత దూరంలో ఆగేది?"

"అడుగు దూరంలో అండీ."

"అడుగు దూరం నుంచి మా మునిమనవరాలు కూడా కొడుతుంది. దానికి మూడేళ్ళు." ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. "ఇవాళ ఏడు మీటర్ల నుంచి కొట్టాను. ఈ చేతుల్తో. అరచెయ్యి తక్కువైంది, అంతే. సప్పోరోలో చెప్పుకోవడానికి ఇదే బాగుంటుంది."

"ఓడిపోయామని చెప్పుకుంటావా?" అంది హత్సుయే.

"నువ్వు పక్కన ఉండవుగా. నేను చెప్పేటప్పటికి అరచెయ్యి కాస్తా వేలి మందం అవుతుంది. ఏడు మీటర్లు పది అవుతాయి."

"ముసలి దొంగ!" అంది హత్సుయే, కళ్ళు తుడుచుకుంటూ. ఆపైన జట్టు మీదికి తిరిగి కేకలేసింది, "ఏంటి నిలబడ్డారు? ఓడినవాళ్ళే సామాను సర్దాలి. గేట్లు పీకండి!"

జూనీ మధ్య కర్ర దగ్గరికి వెళ్ళింది. లోతుగా దిగగొట్టారు, లాగితే కదలలేదు. అటూ ఇటూ ఊపుతుంటే పక్కన మట్టి మోకాళ్ళ ప్యాంటు కనిపించింది. కుసాబాసాన్ వణికే రెండు చేతులూ ఆమె చేతుల కింద వేశాడు.

"మూడు అనగానే," అన్నాడు. "ఒకటి."