రొయ్యల తొట్టిలో గుడ్లు

"వదినా! మావయ్యా! పెట్టేసింది! నల్లది గుడ్లు పెట్టేసింది!"

కోడలు ఇమాస్ కేకకు ఇల్లంతా లేచింది. మామగారు ఎంకోస్ జారిపోతున్న లుంగీని ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆడపడుచు వావాత్ నోట్లో బ్రష్షుతోనే వచ్చి చేపల తొట్టికి ముక్కు ఆనించింది. నిజమే. అద్దానికి తేనెరంగు గుడ్లు ఆవగింజల్లా అంటుకుని ఉన్నాయి.

పారుంగ్ ఊళ్లో ఇంటింటా అందానికి కొనుక్కునే చేపల పెంపకమే. ఎంకోస్ ఇంట్లో పెంచేవి వేలెడంత కూడా ఉండని మీసాల జెల్లలు. వాటిలో ఈ నల్లజాతి గుడ్లు పెట్టడమే అపురూపం. పెట్టినా బూజు మిగల్చదు. ఒక్క గుడ్డు చచ్చి తెల్లబడితే చాలు, దాని మీద దూదిలా బూజు లేచి పక్కవాటినీ చుట్టేస్తుంది.

"ఈసారి బాదం ఆకు నానబెట్టిన నీళ్లే," అన్నాడు ఎంకోస్.

"పోయినసారీ ఆ కషాయమే తాగించావు కదా నాన్నా, ఒక్కటైనా బతికిందా? నీలి మందు వెయ్యాలి."

"నీ మందు వేస్తే చేతులు నీలం, బేసిను నీలం, నా బనీను కూడా నీలం! గుడ్లు మాత్రం తెల్లగానే ఉంటాయి."

ఇమాస్ పకపకా నవ్వి, గుడ్లను వేలితో మెల్లగా దొర్లించి సగం ఆకు నీళ్లలో, సగం మందు నీళ్లలో వేసింది. రెండింటిలోనూ గాలి గొట్టాలు బుడబుడలాడాయి.

మర్నాటికి రెండు బేసిన్లలోనూ తెల్లగుడ్లు కనబడ్డాయి. ఇమాస్ వాటిని ఏరి పారేస్తుండగానే ఉరుములతో వాన దిగింది, కరెంటు పోయింది. బుడగలు ఆగిపోయాయి. వావాత్ సంతలో ఉంది, మామగారు మసీదుకు వెళ్లాడు. కదలని నీళ్లంటే బూజుకు పండగే. ఇమాస్ మణికట్టు నొప్పెట్టేదాకా గరిటెతో నీళ్లు కలిపింది. కిటికీ పక్కన వావాత్ పెంచుకునే ఎర్ర రొయ్యల తొట్టి కనబడింది. నిండా నీళ్లు, నిండా పచ్చని నాచు; గాలి గొట్టం లేకున్నా గుడ్లకు అక్కడ ఊపిరి అందుతుంది. మరో ఆలోచన లేకుండా గుడ్లన్నీ టీ వడకట్టే జల్లెడలోకి వంచి, మంచినీళ్లతో కడిగి, ఆ తొట్టి అంచుకు తగిలించింది.

దండెం మీది బట్టలు తీసి వచ్చేసరికి జల్లెడ నీళ్లలోకి కుంగిపోయింది. దాని నిండా రొయ్యలే!

అప్పుడే తడిసి ముద్దయిన తండ్రీకూతుళ్లు లోపలికొచ్చారు.

"అయ్యో అమ్మాయ్, రొయ్యలకు విందు పెట్టావా!" ఎంకోస్ తల పట్టుకున్నాడు.

వావాత్ తొట్టిలో చెయ్యి పెట్టబోయింది. ఇమాస్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగు వదినా. ఇటు చూడు."

ఒక రొయ్య తెల్లగుడ్డును పట్టుకుని పీక్కు తింటోంది. ఇంకొకటి తేనెరంగు గుడ్డు ఎక్కి, అటూ ఇటూ తిప్పి, అన్ని పక్కలా తుడిచి, దిగి వెళ్లిపోయింది.

"తినలేదు!" అంది ఇమాస్.

"ఇంకా తినలేదు, అంతే," అన్నాడు ఎంకోస్. కానీ తడిబట్టలైనా మార్చుకోకుండా అక్కడే కూలబడ్డాడు.

"నాన్నా, దూది పీకుతోంది! బూజంతా తినేస్తోంది!" వావాత్ ఎగిరి గంతేసింది. ఆ ఉత్సాహంలో నీలి మందు సీసా అందుకుంది.

"నీ మందు పడితే ముందు చచ్చేవి నీ రొయ్యలే తల్లీ!" ఎంకోస్ సీసా లాక్కుని, దర్జాగా ఒక బాదం ఆకు ముక్క తొట్టిలో వేశాడు.

ఆ తరవాత ఇమాస్ వంట మధ్యలోనూ తొట్టి దగ్గరికి పరుగెత్తేది. గుడ్లలో నల్లని కళ్లు మెరిసిననాడు ఆమెకు అన్నం కూడా సహించలేదు. మరో రెండు రోజులకు, సోయాగింజలు పులియబెట్టి చేసిన టెంపే ముక్కలు వేయిస్తుంటే, వావాత్ పెట్టిన కేకకు బాణలి అలాగే వదిలేసి వచ్చింది.

జల్లెడలో తోకలు రెపరెపలాడుతున్నాయి.

"మీసాలున్నాయా?" గుమ్మం దగ్గర్నుంచే అరిచాడు ఎంకోస్.

"ఉన్నాయి మావయ్యా! వెంట్రుకంత సన్నగా ఉన్నాయి!"

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దూకాడు. తిరిగొచ్చేటప్పుడు సగం వీధి వెంట ఉంది. "తోసుకోకండి, చేతులు పెట్టకండి, ఊపిరి కూడా మెల్లిగా!" అంటూ ఇమాస్ ఒక్కొక్కరినీ వంగి చూడనిచ్చింది. వంటింట్లో టెంపే బొగ్గయిపోతున్న వాసన ఒక్కరి ముక్కుకీ తగల్లేదు.