మోకాలెత్తు పొదలు

"చుట్టూ ఏం కనిపిస్తోందిరా?" అక్క వైర్‌లెస్ సెట్టును నోటికి ఆనించుకుని అడిగింది.

"పొగమంచు. మోకాలెత్తు పొదలు. చెట్టన్నది లేదక్కా." తమ్ముడి పళ్లు టకటకలాడుతున్నాయి.

విత్తనాలు ఏరడానికి పొద్దున్నే కొండెక్కినవాడు కాలు విరగ్గొట్టుకుని కూర్చున్నాడు. దారి తప్పాడు కాబట్టి ఎక్కడున్నాడో వాడికే తెలియదు. చీకటి పడితే ఆ చలికి మనిషి మిగలడు.

అటవీ ఆఫీసు గోడ మీద అక్క గీసిన పటం ఉంది. కింద వెడల్పాకుల చెట్లు, పైన సూదాకుల చెట్లు, ఇంకా పైకి పోతే చెట్లు ఆగిపోయి పొట్టి పొదలు. పదిహేనేళ్లు కాళ్లరిగేలా తిరిగి గీసింది మరి, ఆ మాత్రం ధీమా ఉండదూ. "శిఖరం దగ్గరున్నాడు, పైకెక్కండి," అని వెతికేవాళ్లకు చెప్పేసింది.

రెండు గంటల తర్వాత సెట్టు మళ్లీ పలికింది.

"మంచు కాస్త విడిందక్కా. పైన చెట్లున్నాయి."

"కింద కదరా?"

"పైనే. నాలుగు పక్కలా పైనే. విరిగింది కాలు, కళ్లు కాదు."

అంతటితో వాడి బ్యాటరీ అయిపోయింది.

పొదలకు పైన చెట్లా? చలికి వాడి మతి చలించిందనుకుంది ముందు. అంతలోనే ఆమెకు గుర్తొచ్చింది. సూదాకుల అడవి నడుమ గిన్నెలాంటి గుంట ఒకటుంది. రాత్రిళ్లు చల్లగాలి జారి అందులో నిలిచిపోతుంది. ఆ చలికి అడుగున చెట్లు బతకవు, అంచుల మీదే పెరుగుతాయి. ఆ గుంట సంగతి ఆమెకు తెలుసు. వేస్తే పటం అందం చెడుతుందని వదిలేసింది.

"అన్నా, వెనక్కి దిగండి. గుంటలో ఉన్నాడు."

వెతికేవాళ్ల పెద్ద ఆయాసపడుతూ అన్నాడు, "శిఖరం అందబోతోందమ్మా. దిగితే మళ్లీ ఎక్కే పొద్దు లేదు. తెలిసే చెబుతున్నావా, ఊహా?"

"ఊహే. ఇందాక చెప్పిందీ ఊహే. తప్పు నాది. దిగండన్నా."

కిటికీలో వెలుతురు తరిగిపోతోంది. తమ్ముణ్ణి చేజేతులా పోగొట్టుకున్నానేమోనని ఆమె కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది.

సెట్టు గరగరలాడింది. "దొరికాడమ్మా."

"మాట్లాడుతున్నాడా?"

"మాట్లాడటం కాదు, తిడుతున్నాడు. నిన్నే."

ఆమె బావురుమంది. "తిట్టనివ్వండన్నా. కిందికి తెచ్చేదాకా వాణ్ణి ఆపనివ్వకండి, నిద్రపోనివ్వకండి," అంది.