అమావాస్యనాడు మానిన బిళ్ల

అంకాలమ్మకు నిద్రజబ్బు. చేపలగంప నెత్తిన పెట్టుకుని బోగోలు బజారులో బేరమాడుతున్న మనిషి నిలబడ్డచోటే కూలిపోయేది. గాలి సోకిందన్నారు ఊళ్లోవాళ్లు. వాళ్లదేం పోయింది! మిషను ఆసుపత్రి డాక్టరు మాత్రం జబ్బు కనిపెట్టి, నిద్ర ఆపే ఆంఫెటమిన్ బిళ్లలు ఇచ్చాడు.

రోగి కోరిందీ వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు గాని, అంకాలమ్మ కోరింది వేరు. రెండేళ్ల కిందట సముద్రం మింగిన మొగుడు పోలేరయ్య ఆ నిద్రలోనే వచ్చేవాడు. గడపలో నిలబడి "కూడు పెట్టమే" అనేవాడు. ఒంటి ఉప్పువాసన కూడా తెలిసేది. బిళ్ల మింగిన రోజు రాడు. ఎవరికి చెప్పుకుంటుంది పిచ్చిది?

బిట్రగుంట రైలు షెడ్డులో ఇంజన్‌కు బొగ్గేసే ఫైర్‌మన్ జయకుమార్‌కు ఈ బిళ్లల సంగతి తెలిసింది. "ఒకటేసుకుంటే రెండు డ్యూటీలు కునుకు లేకుండా లాగొచ్చంటక్కా, నాకియ్యరాదా?" అని బతిమాలాడు. తప్పని తెలిసీ పొట్లమంతా అతని చేతిలో పెట్టింది.

నెల్లాళ్లు మొగుడితో మళ్లీ కాపురం చేసింది. ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఒరిగిపోతే, నాలుగేళ్ల కూతురు నాగులమ్మ గంజికుండ చేతిమీద వంపుకుంది. బిడ్డ ఏడుపు అంకాలమ్మకు వినబడింది. పక్కింటి పిల్లనుకుని, మొగుడికి ఇంకో ముద్ద కలిపింది.

ఆసుపత్రిలో నర్సు నవోమి బిడ్డ చేతికి కట్టు కడుతూ బిళ్లలేవని అడిగింది. అంకాలమ్మ ఏడుస్తూ అంతా చెప్పేసింది.

"అతను ఇంజన్ మీద ఒళ్లు తెలీకుండా పోతే ఎందరి ఉసురు తగిలేది నీకు!" అని కసిరింది నవోమి. కసిరి, కొత్త పొట్లం తెచ్చిచ్చింది.

"ఇంకెవరికీ ఇయ్యనక్కా, రోజూ మింగతా. అమావాస్యనాడొక్కటి మానుకుంటే? ఆ దినం పడవలు సముద్రంలోకి దిగవు. ఆయన ఇంటికాడుండే దినం."

నవోమి డాక్టరుగారి గదిలోకి వెళ్లి వచ్చింది. "మానుకో. బిడ్డను మాత్రం నాకాడ వదిలిపెట్టు" అంది.

అమావాస్య వచ్చింది. నాగులమ్మను నవోమికి అప్పగించి, ఇంటికొచ్చి అన్నం వండి, పొయ్యి ఆర్పి, అంకాలమ్మ గోడకు చేరగిలబడింది. ఎన్నాళ్ల ఎదురుచూపో! పోలేరయ్య వచ్చాడు. గడప దాటలేదు, కూడూ అడగలేదు. ఇల్లంతా కలయజూశాడు.

"బిడ్డ యాడమే?"

మెలకువ వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. అంకాలమ్మ గడపకేసి చూసి, పొట్లం విప్పి, బిళ్ల మింగి, బిడ్డ కోసం ఆసుపత్రి దారి పట్టింది.