జనరల్ గారి గిన్నె

అప్పటికి మాకు పెళ్లై పదకొండు రోజులు. మా ఆయన కోల్బీ పక్కన ఉంటే చాలు, చీపురు పట్టుకున్నా నాకు నవ్వొచ్చేది. ఆ వారం ఇద్దరం కౌంటీ మ్యూజియంలో దుమ్ము దులిపాం. పాత రైల్వే స్టేషన్లో మూడు గదులు, చచ్చాక గడ్డి కూరి నిలబెట్టిన రెండు తలల దూడ, గాజు పెట్టెలో ఓ తెల్ల పింగాణీ గిన్నె. వెనకటి అంతర్యుద్ధంలో ఓడి పారిపోతూ ఓ జనరల్ మా ఊళ్లో ఆగి, అందులో మొక్కజొన్న గంజి తాగాడట. అంతకు మించిన ఘనత మాకు లేదు.

మ్యూజియం నడిపేది కోల్బీ మేనత్త ఒడెట్. హైవే మీద మ్యూజియం బోర్డు పెట్టించమని పంతొమ్మిదేళ్లుగా రాష్ట్ర ఆఫీసుకు ఉత్తరాలు రాస్తోంది. చివరికి తనిఖీకి ఒకావిడ వచ్చింది. బోర్డు రావడం, రాకపోవడం ఆవిడ సంతకం మీదే ఉంది.

ఆవిడ దూడను దాటేసి గాజు పెట్టె తెరిపించింది. గిన్నెను తీసి బోర్లించింది.

అడుగున పచ్చబడ్డ టేపు ముక్క. దాని మీద పెన్నుతో "యూలీన్ టాడ్‌లాక్". చావింటికి వండి పట్టుకెళ్లే గిన్నెలకు మా దగ్గర అందరూ ఇలాగే పేరు అంటిస్తారు, కడిగి తిరిగిస్తారని.

ఆ యూలీన్ అక్కడే, టికెట్లిచ్చే బల్ల దగ్గర కూర్చుని ఉంది. నెమ్మదిగా లేచింది.

"ఏమే ఒడెట్, మీ ఆయన పోయినప్పుడు నేను చికెన్ వండి తెచ్చిన గిన్నె కదే ఇది?"

అప్పట్లో జనరల్ గిన్నె తన వంటింట్లోనే ఉండేదని, చావుకు వచ్చిన గిన్నెలు కడిగి ఎవరివి వాళ్లకు పంచేటప్పుడు మారిపోయి ఉంటుందని అత్త గొణిగింది. తనిఖీ ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. అత్త కళ్లలో నీళ్లు.

"మరి నాకిచ్చిన పేరులేని గిన్నె?" అంది యూలీన్. "అందులో మా కుక్క తింటోంది."

అందరం యూలీన్ ఇంటి వరండాకు పరిగెత్తాం. తనిఖీ ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, గుర్రుమంటున్న కుక్క ముందునుంచి గిన్నె లాగి బోర్లించింది. అడుగున తయారు చేసినవాళ్ల ముద్ర, యుద్ధానికి మూడేళ్ల ముందటి సంవత్సరం. పెన్ను మూత మళ్లీ తీసింది.

"కడిగి ఇవ్వవే యూలీన్," అంది అత్త ముక్కు తుడుచుకుంటూ.

"ముందు నాది కడిగియ్యి."

బోర్డు వచ్చింది. పెళ్లికి కానుకగా వచ్చిన ఏడు గిన్నెలకూ నేను టేపు అంటించాను. నా కొత్త ఇంటిపేరు మొదటిసారి రాసింది వాటి అడుగునే.